ప్లేయరులోకి రాని శనివారాలు

శనివారం పొద్దున్న షీబా స్టవ్ మీద చోడి జావ కలుపుతూంటే ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఇదీ పాతదేనే!"

షీబా గరిటెతోనే బయటికొచ్చింది. కిటికీ పక్కన జ్ఞానసుందరి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అగ్గిపెట్టెంత ప్లేయరు పట్టుకుని కూర్చుంది. బొటనవేలితో మీటలు నొక్కుతోంది. మొహం మాత్రం కోడలి వైపు తిప్పలేదు.

"ఇప్పుడే కదా అత్తా ఎక్కించాను! కొత్తవి ఉంటాయి, ఇంకోసారి చూడండి."

"చూడ్డానికి నాకు కళ్ళేవీ?" అందావిడ.

ఆ మాట షీబాకి చురుక్కుమంది. నరసన్నపేటలో ఎన్ని ఇళ్ళలోనో జ్ఞానసుందరి టీచరు దగ్గర తెలుగు నేర్చుకున్నవాళ్ళుంటారు. నీటికాసులొచ్చి ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. అద్దంలా నున్నగా ఉండే ఫోను ఆవిడకి ఎందుకూ పనికిరాలేదు. అందుకే షీబా వెతికి వెతికి మీటలున్న ఈ ప్లేయరు కొన్నది. ప్రతి శనివారం లాప్‌టాప్‌లోకి కొత్త పాడ్‌కాస్టులు దింపి, వైరు పెట్టి ఇందులోకి పంపేది. ఇక వారమంతా ఆవిడకి ఎవరి అవసరమూ ఉండేది కాదు. తనకి కావలసింది తనే వెతుక్కుని వినేది.

వాటిలో ఆవిడకి ప్రాణం తెలుగు మాటల మీద నడిచే పాడ్‌కాస్ట్. అందులో పోటీ పెడితే, ఒక సామెత పుట్టుక గురించి చెప్పి, షీబా ఫోనులో రికార్డు చేయించి పంపింది. సరిగ్గా ఆ వారం నుంచే ప్లేయరులో కొత్త భాగాలు రావడం మానేశాయి. తన గొంతు వినిపించారో, పక్కన పడేశారో ఆవిడకి తెలీదు.

షీబా చెయ్యని ప్రయత్నం లేదు. ప్లేయరు ఆపి మళ్ళీ వేసింది. మెమొరీ కార్డు తీసి తుడిచి పెట్టింది. తెలుగులో ఉన్న పేర్లు చదవలేకపోతోందేమోనని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చింది. లాప్‌టాప్‌లో తెరిస్తే కొత్త భాగాలన్నీ కార్డులో కనిపిస్తున్నాయి. ప్లేయరు మాత్రం వాటిని పలకదు.

"పోనీ నా ఫోనులో పెట్టి వినిపిస్తాను అత్తా."

"వద్దు. నువ్వు క్లినిక్‌లో డ్యూటీకి వెళ్ళే తొందర్లో ఉంటావు, నేను 'షీబా, కాస్త వెనక్కి తిప్పు, షీబా, కాస్త ముందుకి' అని అడుక్కోవాలి. నాదంటూ ఒకటుంది, అందులోనే వింటాను."

జావ తాగే వేళకి ఆడపడుచు సుహాసిని భోగాపురం నుంచి బస్సు దిగి వచ్చింది. చేతిలో ఖాళీ సూట్‌కేసు ఊగుతోంది.

"అమ్మని తీసుకుపోతన్నాను షీబా. నిన్న తనే పక్కింటోళ్ళ సేత ఫోన్ సేయించింది."

షీబా నిర్ఘాంతపోయి అత్తగారి వైపు చూసింది. "ఎందుకత్తా? నేనేం తక్కువ చేశాను?"

జ్ఞానసుందరి కట్ట తెగినట్టు మాట్లాడింది. కోపం వస్తే ఆవిడకి బడి తెలుగు వెళ్ళిపోయి పుట్టింటి తెలుగు వచ్చేస్తుంది.

"ఏటి తక్కువ సేసావనా? వారం వారం 'అయిపోయింది అత్తా' అంటావు. ఇంటే పాతవే! పని ఎక్కువైతే 'నావల్ల కాదు' అని సెప్పు, అర్థం సేసుకుంటాను. కళ్ళు నేనిదానికి ఏటి తెలస్తాదిలే అనుకున్నావు కదా? నా సేతిలో ఉత్త డబ్బా పెట్టి ఆడిస్తన్నావు!"

"నేను అలాంటిదాన్నా అత్తా?" అంది షీబా. "మీరు ఏ మందు ఎప్పుడు మింగాలో నేను నిద్రలో అడిగినా చెప్తాను. మిమ్మల్ని మోసం చేస్తానా?"

"ఎక్కించేదానివైతే ఉండాలి కదే!" అంది సుహాసిని.

షీబా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తూ కూర్చుంటే అత్తగారు ఆ అనుమానంతోనే భోగాపురం వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగిరాదు. లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు స్టూలు మీద పెట్టింది.

"సరే అత్తా. మీరే పరీక్ష చెయ్యండి. నేను చేసే ప్రతి పనీ పైకి చెప్తాను. మీరు వినండి. ఎక్కడ తప్పు చేశానో పట్టుకోండి."

పరీక్ష అనేసరికి జ్ఞానసుందరి నిటారుగా కూర్చుంది. "కానీ."

"వైరు పెడుతున్నాను." లాప్‌టాప్ టింగుమంది. "కొత్త భాగాలు పంపుతున్నాను. వెళ్తున్నాయి... పచ్చగీత నిండుతోంది."

"తర్వాత?"

"తర్వాత నేను వంటింట్లోకి వెళ్తాను. మీ అబ్బాయి ప్లేయరు తీసి మీకిస్తారు."

జ్ఞానసుందరి చెయ్యెత్తింది. "ఆగు. ఇప్పుడు ఒక్కసారే మోగింది. పొద్దున్న నువ్వు వంటింట్లోకి వెళ్ళాక ఇంకో చప్పుడైంది, టొంగుమని. వెంటనే మళ్ళీ టింగు. పోయిన శనివారం కూడా అంతే. ఆ తర్వాతే ఎలీషా చెప్పుల చప్పుడు."

"టొంగుమంటే వైరు తీసినట్టు అత్తా. మళ్ళీ టింగుమంటే..." షీబా సగంలో ఆగిపోయి గుమ్మం వైపు చూసింది.

ట్రాక్టర్ల షోరూముకి బయల్దేరుతున్న ఎలీషా అక్కడ ఒక కాలికి చెప్పు వేసుకుని నిలబడిపోయాడు.

"ఏటే అలా చూస్తన్నావు? నా ఛార్జరు పాడైన కాడ్నుంచీ, ఫోన్‌కి ఛార్జింగ్ నేకపోతే ఆ వైరు తీసి పెట్టుకుంటన్నాను. ఇంట్లో పనిచేసే వైరు అదొక్కటే కదా! పాటలు ఎక్కిపోయాయి, గీత నిండిపోయింది కూడాను."

షీబా తెర మీదికి వంగింది. గీత నిండిన తర్వాత, అడుగున సన్నటి అక్షరాలు తిరుగుతున్నాయి. 'జాబితా రాస్తోంది, తీయవద్దు' అని దాని అర్థం. ఇన్నాళ్ళూ ఆ అక్షరాలు వచ్చే సమయానికి ఆమె ఎప్పుడూ వంటింట్లోనే ఉంది.

"దొరికింది అత్తా!" అని అరిచింది. "పిల్లలంతా క్లాసులోకి వచ్చి కూర్చున్నారు. కానీ హాజరు పట్టీలో పేర్లు రాయకముందే ఈయన పట్టీ లాక్కుపోతున్నారు. ప్లేయరు పాత పట్టీ చూసి పాత పేర్లే పిలుస్తోంది!"

అక్షరాలు తిరిగి తిరిగి ఆగాయి. షీబా పద్ధతిగా ప్లేయరు విడదీసి, అత్తగారి అరచేతిలో పెట్టి, అందరికీ వినిపించేలా ఇయర్‌ఫోన్ తీసేసింది.

జ్ఞానసుందరి మీట నొక్కింది. కొత్త గొంతు. మళ్ళీ నొక్కింది. ఇంకో కొత్తది. తర్వాత, గది నిండా ఆవిడ గొంతే! సామెత గురించి తను చెప్పినదంతా ఒక్క ముక్క కొయ్యకుండా వేశారు.

"అమ్మా, నువ్వే!" సుహాసిని సూట్‌కేసు వదిలేసింది.

తర్వాతి భాగంలో ఆవిడని చివరి పోటీకి ఎంపిక చేశామన్నారు. ఆఖరి భాగంలో పాడ్‌కాస్ట్ నడిపే అమ్మాయి బతిమాలింది. "నరసన్నపేట టీచరుగారూ, మీ ఒక్కరి కథే రావాలి. మీ ఊరి మాటలో చిన్న కథ చెప్పి పంపండి. ఈ శనివారం సాయంత్రం దాకా చూస్తాం."

జ్ఞానసుందరి చేతులు గాలిలో తడుముతూ కోడలి చెంప దొరికించుకున్నాయి. చెంప తడిగా ఉంది.

"నిన్ను ఎంత మాటన్నానే తల్లీ! నా సెవులు ఇన్నాయి కానీ నా బుద్ధి ఇన్నేదు."

"ఏడుపు తర్వాత అత్తా," అంది షీబా ముక్కు ఎగబీలుస్తూ. "ముందు కథ. గడువు ఈ సాయంత్రమే."

"ఊరి మాటలోనా? నేను బడిలో ఎవరినీ అలా మాట్లాడనివ్వలేదే!"

"ఇందాక నన్ను తిట్టారు చూడండి, అచ్చం అలాగే."

జ్ఞానసుందరి ఫక్కున నవ్వేసింది. ఎలీషా షోరూముకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాడు. సుహాసిని ఫ్యాను ఆపింది. షీబా ఫోను పట్టుకుంది. ఆవిడ, ఊళ్ళో భూములన్నీ తనవే అయిన ఒక బుగత ఇంట్లో పని మానేసి, నలుగురిలో ఎదురు తిరిగి మాట్లాడిన ఆడమనిషి కథ మొదలెట్టింది. తడుముకోలేదు, ఒక్క మాట దిద్దుకోలేదు. కథ అవగానే షీబా దాన్ని పాడ్‌కాస్ట్‌కి పంపేసింది, ఈసారి తన ఫోను నంబరుతో సహా.

సుహాసిని మధ్యాహ్నం ఖాళీ సూట్‌కేసుతోనే భోగాపురం బస్సెక్కింది.

వారం తిరిగేసరికి పాడ్‌కాస్ట్ వాళ్ళే ఫోన్ చేశారు. మొదటి బహుమతి ఆవిడదే. అంతే కాదు, ప్రతి వారం ఒక కథ చెప్తారా అని అడిగారు.

"ఆలోచించుకుని చెప్తాను," అంది జ్ఞానసుందరి టీచరుగారిలా, గంభీరంగా. ఆ వెంటనే ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి కోడలి చెవిలో గుసగుసలాడింది. "ఒప్పుకున్నానని బేగి సెప్పేయే! ఆళ్ళు మనసు మార్చుకుంటే?"

ఆ శనివారం ఎలీషా వీధి గుమ్మంలో కాపలా నిలబడ్డాడు. చేపల తట్టతో వస్తున్న జగ్గమ్మ కేకెయ్యబోతే పెదవి మీద వేలు పెట్టుకుని సైగ చేశాడు.

"ఏటి బాబూ, ఇంట్లో ఎవరికన్నా బాగోనేదా?" అందామె గొంతు తగ్గించి.

"మా అమ్మ కథ సెప్తన్నాది," అన్నాడు ఎలీషా ఛాతీ విరుచుకుని. "దేశమంతా ఇంటాది."

జగ్గమ్మ తట్ట దించి అరుగు మీద కూర్చుంది.

"అయితే నేనూ ఇనే ఎల్తాను."