అధ్యక్షుడి నిష్ఠాంకం

ఆ రోజుల్లో అమెరికాలో దేవుణ్ని నమ్ముతున్నానని ఊరికే అంటే చెల్లేది కాదు. శనివారం పని చెయ్యనన్నా, మాంసం వడ్డించనన్నా, గడ్డం తియ్యనన్నా, పోస్టాఫీసు పక్కనున్న గాజు గదిలోకి వెళ్లాలి. నుదుటికి వెండి పట్టీ కట్టుకుని తన నమ్మకాన్ని ఒక్క వాక్యంలో పైకి చెప్పాలి. చెప్పగానే ఎదురుగా తెర మీద ఒక అంకె వెలిగేది. డెబ్భై దాటితే భక్తుడు, దాటకపోతే పని ఎగ్గొట్టే సోమరి. ఎంతో మంది పెద్దమనుషులు ఆ గదిలోంచి మొహం మాడ్చుకుని బయటికి రావడం జనం చూశారు.

అది 2086వ సంవత్సరం. ఆ యంత్రాన్ని కనిపెట్టింది డాక్టర్ మందాకిని వడ్లమాని. ఒహాయోలో పుట్టి పెరిగిన మూడో తరం తెలుగు మనిషి. తన యంత్రంలోని ప్రతి భాగానికీ ముందు తెలుగు పేరు పెట్టుకున్నాకే ఇంగ్లీషు పేరు వెతికేది.

పాత యంత్రాలు చెమటనీ గుండె దడనీ చూసి అబద్ధాన్ని ఊహించేవి. పిరికివాడు నిజం చెప్పినా దొరికిపోయేవాడు, ఆరితేరినవాడు ఎన్ని కోతలు కోసినా తప్పించుకునేవాడు. మందాకిని ఆ దారి వదిలేసింది. మనం నమ్మని మాట పలికేటప్పుడు, లోపల తెలిసినదానికీ నోరు చెబుతున్నదానికీ పొంతన కుదరక, మెదడు ముందు భాగంలో ఒక చిన్న చోట అలజడి రేగుతుంది. ఆ చోటికి ఆమె ‘తగవు కేంద్రం’ అని పేరు పెట్టింది. నమ్మిన మాట పలికితే అక్కడ తగవే ఉండదు. ఆ ప్రశాంతతను క్వాంటమ్ సెన్సర్లతో కొలిచి నూటికి ఇంత అని చెప్పేదే నిష్ఠామాపకం. జనం దాన్ని సిన్సెరోమీటర్ అన్నారు. వచ్చే అంకె నిష్ఠాంకం.

మొదటిసారి ఒక ముసలి సన్యాసిని ఆ పట్టీ కట్టుకుని ప్రార్థన చెప్పినప్పుడు తెర మీద గీత వణకడం మానేసి, గాలిలేని రోజు చెరువు నీళ్లలా నిలిచిపోయింది. మందాకినికి ఒళ్లు గగుర్పొడిచింది. ఒక మనిషి నమ్మకాన్ని కళ్లతో చూశానని ఆ రోజంతా కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

అలాంటి యంత్రాన్ని ప్రభుత్వాలు వదులుతాయా? శత్రుదేశాల ముప్పు ముంచుకొస్తోందని అధ్యక్షుడు డాల్టన్ మెరిక్ అత్యవసర ఉత్తర్వు జారీ చేశాడు. యువతీయువకులంతా డ్రోన్ దళంలో పనిచెయ్యాలి. మతం ఒప్పుకోదనేవాళ్లు నిష్ఠామాపకం ముందు కూర్చోవాలి. కూర్చోనంటే జైలు.

కూర్చోనన్నది ఒక్కతే. పెన్సిల్వేనియాలోని మౌనసభ అనే చిన్న మతశాఖకు చెందిన టాబితా రెన్. ఇరవై ఏళ్ల నర్సు. సుప్రీంకోర్టు విచారణకు ముందురోజు మందాకిని ఆమెను చూడడానికి జైలుకు వెళ్లింది.

మౌనసభ వాళ్లు ఆదివారం ఒక గదిలో చేరి మాట్లాడకుండా కూర్చుంటారు. చెప్పాల్సింది ఉన్నవాళ్లు లేచి నిలబడతారు. మిగతావాళ్లు సర్దుకుని చెవి అప్పగించేదాకా నోరు తెరవరు. బిరుదులూ మర్యాదపదాలూ ఎవరికీ వాడరు. వాళ్ల ఇంగ్లీషును మన భాషలోకి తెస్తే అందరికీ ‘నువ్వు’ అనే పడుతుంది.

“నువ్వేనా ఆ యంత్రం చేసింది?” అంది టాబితా.

కూతురి వయసు పిల్ల ఏకవచనంలో పిలిచేసరికి మందాకినికి కాస్త చురుక్కుమంది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నేనే. చూడమ్మా, నీకు తొంభై పైనే వస్తుంది. నాకు అనుమానమే లేదు. ఒక్క నిమిషం పట్టీ పెట్టుకో, రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటావు.”

“మౌనంలో నాకేం దొరికిందో మా అమ్మకి కూడా చెప్పను. ఎవ్వరం చెప్పుకోం. అదే మా నియమం.”

“నువ్వేం చెప్పక్కర్లేదు. యంత్రమే చూసుకుంటుంది.”

“అందుకేగా వద్దంటున్నాను.”

“అయిదేళ్లు జైలమ్మా!”

“భయంగానే ఉంది,” అంది టాబితా. “రాత్రుళ్లు ఏడుస్తున్నాను కూడా. భయమేసినంత మాత్రాన లోపలిది ఇచ్చేస్తామా?”

మందాకిని కుర్చీ వెనక్కి తోసి బయటికి వచ్చేసింది. ఆ పిల్ల మొండితనం మీద కోపం వచ్చింది, తన మీద తనకూ వచ్చింది.

మర్నాడు కోర్టు కిక్కిరిసింది. నిష్ఠామాపకాన్ని న్యాయమూర్తుల ముందు బల్ల మీద పెట్టారు. దాని పక్కనే మందాకినికి కుర్చీ వేశారు. గెలుపు ఖాయమనుకుని అధ్యక్షుడు మెరిక్ స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

టాబితా లాయరు గట్టిపిండం. ఆమె నమ్మకం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేరుగా ఉత్తర్వు మొదటి వాక్యం చదివాడు: ‘దేశానికి తక్షణ ముప్పు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.’

“అత్యవసర అధికారం మొత్తం ఈ నమ్మకం మీదే నిలబడింది. నమ్మకాన్ని కొలిచే యంత్రం ఇక్కడే ఉంది. కొలవండి,” అన్నాడు.

ప్రభుత్వ న్యాయవాది కార్వర్ తుళ్లిపడి లేచాడు. “కుదరదు! అధ్యక్షుల వారి అంతరాత్మ ఆయనకీ దేవుడికీ మధ్య విషయం. ఏ యంత్రమూ అందులోకి తొంగిచూడకూడదు!”

అన్నాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ప్రధాన న్యాయమూర్తి లూర్దెస్ బాకా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“అధ్యక్షుల వారు కొలతకు ఒప్పుకోకపోతే, ఆ వాక్యాన్ని ఈ కోర్టు ఎందుకు నమ్మాలో చెప్పండి,” అంది.

మెరిక్ మొహం ఎర్రబడింది. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. లేచి కోటు గుండీ పెట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు. మందాకిని పట్టీ అందించింది. అందుకున్న చెయ్యి వణుకుతోంది. అంకె ఎంత వస్తుందో ఆ హాల్లో అందరికీ తెలుసు, ఆయనకు అందరికంటే బాగా తెలుసు. టాబితా లాయరు అప్పుడే నవ్వు ఆపుకుంటున్నాడు.

అప్పుడు టాబితా లేచి నిలబడింది.

ఆ కోర్టులో కక్షిదారు అలా లేవకూడదు. ఆమె లేచి, తమ సభలోలాగే, అందరూ సర్దుకునేదాకా చేతులు కట్టుకుని ఊరుకుంది. కోర్టు కాపలా మార్షల్స్ ఇద్దరు వచ్చి చెరో పక్కా నిలబడ్డారు. ఆమె కదల్లేదు. కాగితాల చప్పుడు ఆగింది. దగ్గులు ఆగాయి. న్యాయమూర్తులు కూడా ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నారు. ఆ హాలంతా మౌనసభ అయిపోయింది.

“అతన్ని పెట్టుకోమనకండి,” అంది టాబితా.

లాయరు తల పట్టుకున్నాడు. ప్రధాన న్యాయమూర్తి ముందుకు వంగింది. “అమ్మాయ్, ఆయన పెట్టుకుంటే నువ్వు గెలవొచ్చు. ఆ సంగతి తెలుసా?”

“తెలుసు లూర్దెస్.”

“పెట్టుకోకపోతే జైలుకెళ్లొచ్చు.”

“అదీ తెలుసు. కానీ అతని లోపల ఉన్నది అతనిది. నాకు వద్దన్నది అతని తలకి ఎలా కట్టమంటాను?”

మందాకిని బల్ల మీది యంత్రం వైపు చూసింది. తెర ఖాళీగా ఉంది. అయినా ఆ హాల్లో ప్రతివాళ్లకీ టాబితా నిష్ఠాంకం తెలిసిపోయింది. ఇన్నేళ్లుగా నమ్మకాన్ని కళ్లతో చూస్తున్నాననుకున్న మనిషికి, నిజంగా చూడడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

మెరిక్ పట్టీని మెల్లగా బల్ల మీద పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లి కూర్చున్నాడు.

తీర్పు ఒక్క ఓటు తేడాతో వచ్చింది. పౌరుడిదైనా అధ్యక్షుడిదైనా అంతరాత్మను బలవంతంగా తెరిపించే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదని బాకా రాసింది. ఉత్తర్వు కొట్టేశారు. టాబితా ఇంటికెళ్లి తన ఆసుపత్రి పనిలో చేరిపోయింది. పోస్టాఫీసుల పక్కన గాజు గదులు ఎత్తేశారు.

కథ ఇక్కడితో అయిపోతే మందాకిని హాయిగా నిద్రపోయేది.

కోర్టు మెట్లు దిగుతూనే మెరిక్ విలేఖర్లతో, తాను పట్టీ పెట్టుకోవడానికి సిద్ధంగానే ఉన్నానన్నాడు. నెల తిరక్కుండా, ఒక పేదపిల్ల అంతరాత్మ కోసం తానే పట్టీని పక్కన పెట్టానన్నాడు. ఎన్నికల సభల్లో అదే కథ చెప్పాడు. ప్రతి ఊళ్లోనూ చప్పట్లు మోగాయి. ఎక్కడికెళ్లినా ‘మత స్వేచ్ఛను కాపాడిన అధ్యక్షుడు’ అని పోస్టర్లు వెలిశాయి. నవ్విన వాళ్లు కొన్నాళ్లు నవ్వి ఊరుకున్నారు.

చివరి సభకు యంత్రంతో సహా రమ్మని మందాకినికి పిలుపు వచ్చింది. ఇప్పుడు బలవంతం లేదు, అధ్యక్షుడే కోరుకుంటున్నాడు. అందరి ముందూ అబద్ధం బయటపడుతుంది కదా అని ఆమె సంతోషంగానే వెళ్లింది.

వేదిక మీద మెరిక్ పట్టీ అడిగి తీసుకున్నాడు. ఈసారి చెయ్యి వణకలేదు. నుదుటికి కట్టుకుని, వేలమంది వైపు తిరిగి, తడి కళ్లతో చెప్పాడు.

“ఆ రోజు ఆ అమ్మాయి అంతరాత్మను కాపాడింది నేనే.”

గీత నిశ్చలంగా నిలిచిపోయింది. తెర మీద తొంభై ఎనిమిది వెలిగింది.

జనం ఉరుముల్లా చప్పట్లు కొట్టారు. మందాకిని ఆ రాత్రే యంత్రాన్ని ల్యాబుకు తెచ్చి భాగాలన్నీ విప్పి మళ్లీ మళ్లీ పరీక్షించింది. అందులో ఏ లోపమూ లేదు.