రెబెక్కా వాటా

"మీ కవర్ ఎండుచేపల వ్యాపారి," అన్నాడు చీఫ్.

1965. మద్రాసులో సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. ఏజెంట్ జకరయ్య ముందుకు బల్లమీదుగా ఒక కవరు జారింది. అందులో అందమైన యువతి ఫోటో.

"రెబెక్కా. క్లబ్ డాన్సర్. శత్రువుల ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. ఆమెను తోడు పెట్టుకుని షార్క్ అనేవాడు నెల్లూరు తీరంలో దిగుతాడు. వాడి ముఖం మనవాళ్లెవరికీ తెలియదు. టార్గెట్ నేవీ వైర్‌లెస్ స్టేషన్, బాంబుతో వస్తాడు. ఆమె రుమాలు ఎవడి పక్కన జారవిడిస్తే వాడే షార్క్. ముందు బాంబు. మిగతావన్నీ తరువాత."

"ఆమె ప్రాణం?"

"మీరున్నారుగా. కవర్ చెయ్యండి."

జకరయ్యకు ఒళ్లు మండింది. దిండు గలీబు, ఉత్తరం సంచి, దొంగ వేషం, అన్నిటికీ దొరలు 'కవర్' అనే ఒకే ముక్క అంటగట్టి పోయారు. మనవాళ్లు ఇప్పుడు ఒక ఆడమనిషి ప్రాణాన్ని కూడా అందులోనే దోపేస్తున్నారు.

నెల్లూరు హోటల్లో రెబెక్కా కూడా అదే అడిగింది. "కవర్ చేస్తావుగా?"

"చేస్తాను."

మర్నాడు సముద్రపు ఒడ్డున పల్లె జనమంతా వల లాగుతున్నారు. నేవీ జీపు కనబడగానే, అనుమానం రాకుండా జనంలో కలిసి, పిక్నిక్‌కు వచ్చిన దొరసానిలా రెబెక్కా నవ్వుతూ తాడు పట్టింది. ఆమె చుట్టూ లుంగీల మగవాళ్లే. రుమాలు జారింది. అది ఎవడి పక్కనో తేలేలోపే వల ఒడ్డు తాకింది, జనం ఎగబడ్డారు. జకరయ్య దారి చేసుకుని వెళ్లేసరికి ఆమె లేదు.

తాడు పట్టిన అందరికీ వాటాలు వేసే పేరమ్మ ముందు రెండు చేపల కుప్పలు మిగిలాయి.

"ఇవెవరివక్కా?"

"ఒకటి ఆ మద్రాసమ్మది. రెండోది ఆమె పక్కన తాడు లాగినోడిది. చేతిలో ఫ్లాస్కు ఉండాది. ఆమెని రెక్క పట్టుకొని దిబ్బల మీదికి పోయినాడు. తాడు పట్టి వాటా వొద్దనే మడిసి యాడన్నా ఉంటాడా అన్నా?"

జకరయ్య పరుగెత్తాడు.

స్టేషన్ కంచె దగ్గర షార్క్ పిస్తోలు రెబెక్కాకు గురిపెట్టి ఉన్నాడు. జకరయ్యను చూడగానే ఫ్లాస్కును కంచె లోపలికి విసిరాడు. రెబెక్కా జకరయ్య వంకే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు, నమ్మకం ఉంది.

ముందు బాంబు.

జకరయ్య కంచె దూకి, ఫ్లాస్కు మూత ఊడదీసి వైరు తెంపాడు. లోపలి గడియారంలో ఇంకా రెండు సెకన్లు మిగిలాయి. వెనక పిస్తోలు పేలింది. తిరిగి షార్క్‌ను కాల్చాడు గానీ, అప్పటికి రెబెక్కా ఇసుకలో పడిపోయి ఉంది.

సాయంత్రానికి చీఫ్ దిగాడు. "శభాష్! ఇద్దరు శత్రు ఏజెంట్లు హతం."

"ఒకరు మన మనిషి సార్!"

"ఆ మాట రికార్డుకెక్కదు. బాడీని కవర్ చెయ్యండి."

జకరయ్య తన కండువా తీసి ఆమెమీద కప్పాడు. ఇచ్చిన మాట ఆ విధంగా చెల్లించుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పేరమ్మ గంప తెచ్చి దించింది. "ఆయమ్మ వాటా అన్నా. చచ్చిపోయినా తాడు పట్టిన చెయ్యే గదా. ఆమె వాళ్లకి చేర్చు."

సర్కారు ఇవ్వని వాటా పల్లె ఇచ్చింది. తాడు ముట్టని చీఫ్ మాత్రం గంపలోంచి పెద్ద చందువా చేప ఒకటి ఏరించి జీపులో పెట్టించుకున్నాడు.