నొలీన్ పంపు గది

బ్రిస్బేన్ శివార్లలో, కొండవాలు వీధి చివరి ఇంట్లో ఎవరూ మూడు నెలలు మించి అద్దెకుండలేదు. ఇంట్లో ఏమీ లేదు. ఉన్నదంతా పెరట్లోనే... స్విమ్మింగ్ పూల్ పక్కన, మనిషి వంగి దూరే పంపు గదిలో.

ఏడేళ్ల కిందట ఆ ఇంటి పెద్దావిడ నొలీన్ ఆ గది ముందు చచ్చిపడి ఉంది. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. అప్పట్నించీ ఎంత ఉప్పు పోసినా వారం తిరక్కుండా పూల్ నీళ్లు పచ్చబడతాయి. ఉప్పునీళ్లలోంచి క్లోరిన్ తీసే మెషీన్ రాత్రుళ్లు దానంతటదే ఆగిపోతుంది.

పూల్ సామాన్ల కొట్టు దగ్గర పనివాళ్లకి అదో వేళాకోళం. "ముసల్దానికి క్లోరిన్ వాసన పడదురా, ఆపేస్తోంది!"

అందరూ నవ్వేవాళ్లు. నెవిల్ మాత్రం నవ్వేవాడు కాదు. ముప్ఫయ్యేళ్లుగా ఆ మెషీన్లే బాగుచేస్తున్న మనిషి, ఏడేళ్లుగా ఆ వీధిలోకి వ్యాను తిప్పలేదు.

జనవరిలో ఆ ఇంట్లోకి కొత్తగా దిగిన బ్రీ అతనికి ఫోన్ చేసింది.

"అందరూ రామన్నారు, నెవ్. మా ఆయన గనుల్లో ఉంటాడు, మూడు వారాలకోసారి వస్తాడు. ఆ పచ్చనీళ్లలో దిగి నా పిల్లకి చెవిలో చీము పట్టింది. రోజూ రాత్రి నేనే వెళ్లి స్విచ్చి వేస్తాను. తెల్లారేసరికి ఆపేసి ఉంటుంది. నిన్న ఇక కదలకుండా టేపు అంటించాను."

"అంటిస్తే?"

"పొద్దున టేపు ఊడదీసి... నాలుగు మడతలు పెట్టి మెషీన్ మీద పెట్టి ఉంది."

నెవిల్‌కి గుర్తుంది. నొలీన్ చిత్తుకాగితాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి గాని పారేసేది కాదు.

"వస్తాను. రాత్రి పదికి," అన్నాడు.

పగలు వస్తే ఏం తెలుస్తుంది? పది దాటాకే అక్కడ కరెంటు చవక. ఊళ్లో పంపులన్నీ అప్పుడే తిరగడం మొదలెడతాయి.

పది కొట్టింది. బ్రీ పంపుకీ మెషీన్‌కీ కలిపి ఉన్న స్విచ్చి వేసింది. పంపు గుర్రుమంది. బ్రీ పది అడుగుల దూరంలో టార్చి పట్టుకుని నిలబడింది. నెవిల్ మోకాళ్ల మీద గదిలోకి దూరాడు. నీళ్లలో ఉప్పు సరిపోయింది. గాజులాంటి గొట్టంలో లోహపు పలకలు శుభ్రంగానే ఉన్నాయి. పచ్చదీపం వెలుగుతోంది.

"అంతా బాగానే ఉందా?" గుసగుసగా అడిగింది బ్రీ.

"ఉండు, అమ్మాయ్."

పది నిమిషాలు... పావుగంట...

పంపు గొంతు మారింది. మూత కింది రబ్బరు రింగు ఎండిపోయింది. సందులోంచి గాలి పీలుస్తోంది. గొట్టంలో నీళ్లు మెల్లగా... మెల్లగా... ఆగిపోయాయి.

నీళ్లు ఆగితే ఎర్రదీపం వెలగాలి. మెషీన్ తనంతట తనే ఆగాలి.

పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఎందుకో నెవిల్‌కి తెలుసు. అయినా మెషీన్ డబ్బా మూత విప్పాడు. లోపల జానెడు వైరు ముక్క. దాని చుట్టూ నీలం టేపు. ఆ చుట్టు తనదే.

ఏడేళ్ల కిందట, క్రిస్మస్ ముందురోజు, నొలీన్ నాలుగోసారి ఫోన్ చేసి అరిచింది. "ఒరే నెవ్! ఎర్రదీపం మళ్లీ వెలిగింది. వచ్చి బాగుచేస్తావా, ఫోన్లోనే సాకులు చెబుతావా?" వచ్చాడు. జబ్బేమిటో వెతకలేదు. నీళ్లు పారుతున్నాయో లేదో చూసే వైర్లు రెండూ కలిపేశాడు. ఇక నీళ్లున్నా లేకపోయినా మెషీన్‌కి ఒకటే. ఎర్రదీపం ఆరింది. నొలీన్ నోరు మూతపడింది. ఇంటికెళ్లి పండగ చేసుకున్నాడు.

ఆ వైరు కలపకూడదని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. పారని నీళ్లలో మెషీన్ నడిస్తే గొట్టంలో చేరేది ఉత్త గాలి కాదు, భగ్గున మండే వాయువు. ఒక్క నిప్పురవ్వ చాలు! తెలిసీ కలుపుతారు. తొందర... బద్ధకం... మనకేమవుతుందిలే అన్న పొగరు.

మూడు వారాలకి నొలీన్ పోయింది. గది తలుపు ఊడి అల్లంత దూరాన గడ్డిలో పడిందట. గుండె ఆగితే తలుపెందుకు ఊడుతుంది? ఎవరూ అడగలేదు. ఆ తర్వాతెవడో వచ్చి పగిలిన గొట్టం మార్చాడు, డబ్బా విప్పలేదు. నెవిల్ నోరు విప్పలేదు.

ఇప్పుడు అదే గొట్టంలో బుడగలు... కిందినుంచి పైకి... సగం నిండింది. స్విచ్చి అతని వెనక గోడకి ఉంది. నెవిల్ మోకాళ్ల మీదే వెనక్కి తిరగబోయాడు—

టక్.

పచ్చదీపం ఆరిపోయింది.

"నువ్వేనా ఆపింది?" అన్నాడు బ్రీ వైపు తిరిగి.

"నేనిక్కడే ఉన్నాను కదా..."

స్విచ్చి మీద వేలిముద్ర ఉంది. తడి ముద్ర. చూస్తుండగానే ఆరి, తెల్లగా ఉప్పు తేలింది.

ఏడేళ్లూ నొలీన్ ప్రతి రాత్రీ ఆపుతున్నది ఇంకెవరూ తనలా పోకూడదనేనని నెవిల్‌కి అప్పుడర్థమైంది.

"అమ్మాయ్... ఆవిడ గుండె ఆగి పోలేదు. నేను చేసిన పని వల్ల పోయింది." మొత్తం చెప్పాడు.

బ్రీ టార్చి దించింది. "ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"పిల్లని పెట్టుకుని రోజూ రాత్రి ఆ స్విచ్చి వేసింది నేను, నెవ్! నేను!" ఆమె రెండడుగులు దగ్గరికొచ్చింది. "రేపు పొద్దున్నే మీరు పోలీసులకి చెబుతారు. ఆవిడ పిల్లలకి చెబుతారు. నేను పక్కనే నిలబడి వింటాను."

"చెబుతాను."

గొట్టంలో పోగైన వాయువు వదిలేశాడు. తన వైరు తెంపేశాడు. నీళ్లు చూసే వైర్లు వాటి చోట బిగించాడు. రబ్బరు రింగు మార్చాడు. అంతా అయ్యాక స్విచ్చి వైపు చూశాడు... చెయ్యి రాలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నొలీన్," అన్నాడు, బ్రీకి కూడా వినపడనంత మెల్లగా. "రేపు తప్పకుండా చెబుతాను."

పూల్ మీద గాలి కూడా ఆగిపోయింది.

టక్.

పంపు గుర్రుమంది. గొట్టంలోకి నీళ్లు ఉరికాయి.

బ్రీ టార్చి గోడ మీదికి తిప్పింది. స్విచ్చి దగ్గర ఎవరూ లేరు.

నెవిల్ చేతులు రెండూ ఇంకా ఒళ్లోనే ఉన్నాయి.