ఐదూ యాభైకి సముద్రం ఎక్కడుంది?

శుక్రవారం ఉదయం 9:15. ఆసుపత్రి నేలమాళిగలోని అంత్యక్రియల హాలు.

శవపేటికను ఎత్తడానికి నలుగురు మనుషులు వచ్చి పావుగంటయింది. పేటిక కదల్లేదు. దానికి అడ్డంగా ఒక ముసలావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు నన్ను అందులో పెట్టండి. ఆ తర్వాత మా వదినని ఎత్తండి."

ఆమె పేరు బొంగ్ ఒక్‌నే. గోరంగ్ దీవి మనిషి. పేటికలో ఉన్నది ఆమె అన్న భార్య గ్వాక్ మాల్‌సున్. వయసు అరవై ఆరు. దీవి బురదమేటల్లో పారతో తవ్వి ఆక్టోపస్‌లు పట్టడం ఆమె పని. సోమవారం బురదలోనే పక్షవాతంతో కూలిపోయింది. బుధవారం ఉదయం పోయింది.

ఆసుపత్రి వాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చింది ఇన్‌స్పెక్టర్ తక్ యంగ్‌సిల్. నలభై ఏడేళ్లు. కూర్చుని మాట్లాడే అలవాటు లేని మనిషి. ఇవాళ మాత్రం ముసలావిడ ఎదురుగా నేల మీద చతికిలపడింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఆసుపత్రి కాగితాల్లో అబద్ధం రాశారమ్మా. మా వదిన తెల్లారి ఐదూ యాభైకే పడిపోయిందట. అందుకని గడ్డ కరిగించే మందు ఇవ్వలేదట. ఎనిమిదీ పదికి పార భుజాన వేసుకుని మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. 'ఇవాళ పదిహేను పట్టకపోతే చూడు' అంది. నవ్వుకుంటూ వెళ్లింది."

"టైం ఖచ్చితంగా గుర్తుందా?"

"ఎనిమిదింటి వార్తలు మొదలై పది నిమిషాలైంది. నా మాటెవరు వింటారు? ముసలిదానికి మతి తప్పిందంటున్నారు."

యంగ్‌సిల్ కేస్ షీట్ తెప్పించుకుంది. అందులో ఇలా ఉంది: 'బురదమేటలో ఆక్టోపస్‌లు తవ్వుతుండగా ఉదయం సుమారు 5:50కి కూలిపోయింది. ఆసుపత్రికి చేరింది 11:35. గడువు మించింది.'

రక్తపు గడ్డను కరిగించే ఆ ఇంజెక్షన్ పడిపోయిన నాలుగున్నర గంటల లోపే, అదీ తల స్కాన్ చేశాకే ఇవ్వాలి. ఒక్‌నే మాట నిజమైతే 12:40 దాకా టైముంది. షీటు నిజమైతే పడవ ఒడ్డుకి రాకముందే గడువు దాటిపోయింది.

"పడిపోయాక దీవిలో ముందు చూసిందెవరు?"

"మా నర్సమ్మ. పియో జియాన్. రిజిస్టర్లో టైం రాసుకుంది కూడా. ఆ పేజీ కనబడట్లేదట. ఇప్పుడు తప్పంతా ఆ పిల్ల మీదికే తోస్తున్నారు. సస్పెండ్ చేస్తారట."

శ్మశానంలో మాల్‌సున్ వంతు రెండింటికి. దీవికి పడవ 9:50కి. యంగ్‌సిల్ లేచింది.

"పెద్దమ్మా, రెండింటి దాకా ఇక్కణ్ణుంచి కదలకండి."

"నేనెక్కడికి కదుల్తాను!"

*

10:40కి పడవ గోరంగ్ చేరింది. ఆరోగ్య కేంద్రం రేవు పక్కనే ఉంది. రెండు గదులు. నర్సు పియో జియాన్ రిజిస్టరు బల్ల మీద పెట్టి నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

సోమవారం పేజీ మొదలంటా చింపేసి ఉంది.

"ఏం రాశావందులో?"

"ఆఖరిసారి ఆరోగ్యంగా కనబడింది 8:10, చూసింది బొంగ్ ఒక్‌నే. నేను చేరింది 9:40. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. పొగమంచుకి హెలికాప్టర్ ఎగరలేదు. కోస్ట్‌గార్డ్ పడవలో పంపాను. ఇదే ఫోన్లో కూడా చెప్పాను."

"ఎవరికి?"

"డాక్టర్ నామ్‌గుంగ్ హ్యోక్ గారికి. దీవుల్లో పక్షవాతం కేసుల మీద రీసెర్చి నడిపేది ఆయనే."

"నువ్వే తప్పు టైం చెప్పావంటున్నారు ఆసుపత్రిలో."

"అంటారు మేడమ్. ఆయనకి రెండు డిగ్రీలున్నాయి. నాకు ఉన్న ఒక్క పేజీ కూడా పోయింది."

"రిజిస్టరు ఎక్కడ పెడతావు?"

"ఈ సొరుగులో. తాళం లేదు. మంగళవారం పదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఇళ్లకి బీపీ చూడ్డానికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఇక్కడెవరు తాళాలేస్తారు?"

యంగ్‌సిల్ గదిలో అటూ ఇటూ తిరిగింది. గడియారం చూసింది. 10:55.

"ఆవిడ పడిపోయిన చోటు చూపించు."

నర్సు కిటికీలోంచి వేలు చూపించింది. బూడిదరంగు నీళ్లు. కొంగలు కూడా లేవు.

"ఎక్కడ?"

"అదిగో, ఆ కర్ర కనబడుతోందే, దాని పక్కన. ఇప్పుడు వెళ్లలేం మేడమ్. నడుం లోతు నీళ్లున్నాయి. ఇంకో అరగంటకి గానీ నేల బయటపడదు."

"సోమవారం?"

"సోమవారం ఎనిమిదింటికే బయటపడింది. రోజుకి ముప్పావుగంటకి పైనే ఆలస్యమవుతుంది కదా." నర్సు ఆశ్చర్యంగా చూసింది. "మీరు సముద్రం ఒడ్డున పుట్టలేదా?"

"నేను కొండప్రాంతం దాన్ని." యంగ్‌సిల్ కిటికీ దగ్గరికి వచ్చింది. "సోమవారం ఐదూ యాభైకి ఆ కర్ర దగ్గర ఏముంటుంది?"

"పోటు నిండుగా ఉంటుంది. ఇద్దరు మనుషుల లోతు."

గోడ మీద జాలర్ల సంఘం క్యాలెండరు వేలాడుతోంది. రోజురోజుకీ పోటు వేళలు వేశారందులో. యంగ్‌సిల్ దాన్ని మేకుతో సహా ఊడబీకింది.

పడవ 11:40కి. ఆలోపు మూడు ఫోన్లు చేసింది. ఒకటి రేవు టికెట్ ఆఫీసుకి. రెండోది ఆసుపత్రి స్కానింగు విభాగానికి. మూడోది రీసెర్చి ఆఫీసులో వివరాలు ఎక్కించే ఓక్ సెహీ అనే అమ్మాయికి.

పడవలో ఒక్క క్షణం కూర్చోలేదు. తోడొచ్చిన నర్సు, ఆమెకి వాంతి వస్తుందేమోనని కవరు అందించింది.

"వాంతి కాదు. ఈ పడవ ఇంత నెమ్మదిగా పోతుందేంటి?"

"అందరికీ ఇదే పడవ మేడమ్."

*

1:05. ఆసుపత్రి నాలుగో అంతస్తు, మీటింగ్ హాలు.

డాక్టర్ నామ్‌గుంగ్ హ్యోక్ తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. సన్నగా, అలసటగా ఉన్నాడు. ఒక పక్క ఓక్ సెహీ. ఎదురుగా నేలమాళిగ నుంచి పిలిపించిన ఒక్‌నే, నర్సు పియో.

"పది నిమిషాలే ఇవ్వగలను ఇన్‌స్పెక్టర్ గారూ."

"చాలు. గోరంగ్ ఎప్పుడైనా వెళ్లారా డాక్టర్ గారూ?"

"రెండేళ్ల కింద. ప్రాజెక్టు ప్రారంభానికి."

"మళ్లీ వెళ్లలేదా?"

"తీరికెక్కడిది?"

"5:50 అని మీకు చెప్పిందెవరు?"

"నర్సు. ఫోన్లో."

పియో నోరు తెరిచింది. యంగ్‌సిల్ చెయ్యెత్తి ఆపింది. క్యాలెండరు బల్ల మీద పరిచింది.

"సోమవారం పోటు ఉదయం 5:35కి. బురదలో తవ్వుతూ 5:50కి పడిపోయిందని షీట్లో ఉంది. ఆ టైముకి అక్కడ బురద లేదు. ఇద్దరు మనుషుల లోతు సముద్రముంది. ఆవిడ చేపా, నీళ్ల కింద తవ్వడానికి?"

యంగ్‌సిల్ 5:35 అంకె మీద వేలు పెట్టింది.

"దీవిలో పుట్టిన మనిషి ఏ అబద్ధమైనా ఆడొచ్చు, ఈ అబద్ధం మాత్రం ఆడదు. చిన్నప్పట్నుంచీ పోటు చూసే నిద్ర లేస్తారు వాళ్లు. నర్సు టైం మార్చాలనుకుంటే, ఇంట్లో పడిపోయిందని రాసేది. ఇది పట్నం మనిషి రాత. షీటు తెరవగలిగిన పట్నం మనుషులు ఇద్దరే. మీరూ, సెహీ. దీవి రిజిస్టర్లో పేజీ పోయింది మంగళవారం."

సెహీ కుర్చీలోంచి లేచింది. "నేను మంగళవారం సెలవులో ఉన్నానండీ! మా అక్క పెళ్లి!"

"తెలుసు. కాబట్టి పేజీ చింపింది నువ్వు కాదు." యంగ్‌సిల్ ఫోన్ తీసింది. "పడవెక్కే ప్రతి మనిషి పేరూ రాసుకుంటారు డాక్టర్ గారూ. మంగళవారం 9:50 పడవ. పదిహేడో పేరు చదవమంటారా?"

డాక్టరు చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

"ఇంకోటి. ఆసుపత్రిలో రెండు స్కానింగు మిషన్లున్నాయి. సోమవారం ఒకటి రిపేరులో ఉంది. రెండోది 11:50 నుంచి 1:20 దాకా బిజీ. ఎమర్జెన్సీ కేసు కాదు. ఒక పెద్దమనిషికి ఫుల్ బాడీ చెకప్. మాల్‌సున్ స్కాన్ 1:25కి. గంటా యాభై నిమిషాలు వరండాలో పడుకోబెట్టారు."

"స్ట్రెచర్ మీద," అంది ఒక్‌నే. "ఎడం చేత్తో నా జాకెట్టు పట్టుకుని వదల్లేదు. పన్నెండున్నరకి వదిలింది. నిద్రపోయిందనుకున్నాను."

"ఇలాగే ఏడాదిలో ఏడుగురు దీవి మనుషుల్ని 'ఆలస్యంగా వచ్చారు' అని లెక్కలోంచి తీసేశారు," అంది యంగ్‌సిల్. "సెహీ లిస్టు పంపింది. అందులో ముగ్గురు బురదలో పనిచేసేవాళ్లు. ఆ ముగ్గురూ షీట్ల ప్రకారం నిండు పోటులో తవ్వుతున్నారు. వచ్చేనెల మీ రీసెర్చి పేపరు అచ్చవుతోంది. దీవి రోగికీ పట్నం రోగికీ వైద్యంలో తేడా లేదని అందులో రుజువు చేశారు. తేడా వచ్చినవాళ్లని తీసేస్తే ఇంకేం తేడా ఉంటుంది?"

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

"చెకప్ మధ్యలో ఆపమన్నాను. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఫలితాలు చెడిపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. ప్రాజెక్టు ఆగితే హెలికాప్టర్ ఆగిపోతుంది. ఆ హెలికాప్టర్ ఇరవై మందిని బతికించింది. ఒకరి టైం మారిస్తే ఇంకో ఇరవై మంది బతుకుతారనుకున్నాను."

"ఒకరు కాదు, ఏడుగురు," అంది యంగ్‌సిల్.

పియో జియాన్ ముందుకొచ్చింది. "ఆలస్యమవుతోందని రాసుంటే ఇంకో మిషన్ అడిగేవాళ్లం డాక్టర్ గారూ. అంతా బాగుందని రాశారు. బాగున్నవాళ్లకి ఎవరిస్తారు?"

పేజీ ఏమైందని యంగ్‌సిల్ అడిగితే, తిరుగు పడవలోంచి సముద్రంలో పడేశానన్నాడు డాక్టరు.

*

1:40. కింద వ్యాను ఇంజను నడుస్తోంది. డాక్టర్ని ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక గుమ్మంలోంచి తీసుకెళ్లారు. నర్సు సస్పెన్షన్ కాగితం జిల్లా ఆఫీసులో ఆగిపోయిందని ఫోనొచ్చింది. స్కానింగు ఆపడానికి ఒప్పుకోని ఆ పైవాళ్లెవరో రాసుకోవడానికి యంగ్‌సిల్ అప్పటికే కొత్త కాగితం తీసింది.

పేటికను ఎత్తారు. ఈసారి ఒక్‌నే అడ్డుపడలేదు. వ్యాను మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"అమ్మా, టైముకి ఆ మిషన్లో పెట్టుంటే మా వదిన బతికేదా?"

యంగ్‌సిల్ పియో వైపు చూసింది.

"చెప్పలేం అత్తా," అంది పియో. "అవకాశం ఉండేది. మూడింట ఒక వంతు."

ఒక్‌నే తలూపింది. "ఆ పూట మిషన్లో పడుకున్నాయనకి ఏం జబ్బట?"

యంగ్‌సిల్ చేతిలోని కాగితం మడిచింది.

"ఏమీ లేదు పెద్దమ్మా. ఏటా చేయించుకుంటాడట. రిపోర్టు నార్మల్."

"పోన్లే. ఆయనైనా బాగున్నాడు." ముసలావిడ వ్యాను ఎక్కి, పేటిక పక్కన సర్దుకుని కూర్చుంది. "ఏ జబ్బూ లేనాయన కాసేపు లేచి నించుంటే ఏం పోయేదమ్మా?"