మూడు పిలుపుల మలుపు

చిన్‌లీ ఊరి దగ్గర లోయలోకి బండి దింపి, వాగు ఇసకలో ఓ గంట పోతే ఎడమచేతి వైపు సన్నటి పాయ ఒకటి చీలుతుంది. మ్యాపులో దానికేదో నెంబరుంది. మా వాళ్ళు మాత్రం మూడు పిలుపుల మలుపు అంటారు. చీకటి పడ్డాక గొర్రెలు అటు తప్పిపోయినా సరే, తెల్లారాకే వెళ్ళి వెతుక్కుంటారు.

ఎందుకని అడిగితే మనిషికో కథ చెబుతారు. రాతి ఇళ్ళలోంచి ఆడమనిషి పిలుస్తుందని ఒకడు. కాదు, పసిపిల్ల అని ఇంకొకడు. గోరంతని కొండంత చెయ్యడం మా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. మా పిన్ని కొడుకు క్లిఫర్డ్ అయితే తనకీ వినబడిందంటాడు. తిండికి పిలిస్తే తప్ప వాడికి ఏ పిలుపూ వినబడదు, నాకు తెలీదూ!

అసలు జరిగింది మా మేనమామకి. ఆయన నోట విన్నాను, ఒకసారి కాదు, వందసార్లు. ఆయన పేరు చెప్పను... మా నవాహో తెగవాళ్ళు పోయినవాళ్ళ పేరు పలకరు. మంచు పడ్డాకే కథలు చెప్పుకోవాలని మా ఆచారం; పడింది కాబట్టి చెప్పుకోవచ్చు. వినండి.

మామ గైడు. బయటివాళ్ళెవరూ నవాహో గైడు లేకుండా ఆ లోయలోకి దిగడానికి లేదు. ఆ పాయ చివర, కొండ కడుపులో, పాతవాళ్ళు కట్టుకున్న ఇళ్ళున్నాయి. వాళ్ళు మావాళ్ళు కారు, మాకంటే ముందువాళ్ళు. ఎన్ని వందల ఏళ్ళ కిందట వదిలిపోయారో! ఇప్పటికీ లోపల మొక్కజొన్న కండెలున్నాయి. గోడల నిండా అరచేతుల ముద్రలున్నాయి... నిన్న సాయంత్రం అద్దినట్టుంటాయి.

మామ వచ్చినవాళ్ళని కింద ఇసకలోనే నిలబెట్టేవాడు.

"చూడండి, ఫోటోలు తీసుకోండి, గడప మాత్రం తొక్కకండి," అనేవాడు. తను మాత్రం అటు వీపు పెట్టి నిలబడేవాడు. చచ్చినవాళ్ళు విడిచిన కొంపలతో బతికున్నవాళ్ళకి పనేమిటని మా పెద్దవాళ్ళ మాట.

ముప్పై ఏళ్ళయింది. అక్టోబరు ఆఖర్లో ఒహాయో నుంచి ఒకాయన వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. గుంపుతో కాదు, గైడు తనొక్కడికే కావాలన్నాడు. ఒక రాత్రి ఆ ఇళ్ళ ఎదురుగా గుడారం వేసుకుని పడుకోవాలన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. మనిషంతా కాళ్ళే. మామ చూడగానే కొంగకాళ్ళు అని పేరు పెట్టాడు. మేమంతే, ఎవరికైనా పేరు పెట్టేస్తాం. పెట్టి మొహం మీదే పిలుస్తాం. ఆయన కోప్పడలేదు సరికదా, ఇసకలో ఒంటికాలి మీద నిలబడి చూపించాడట.

మంచివాడు. ఆ మాట మామ ఎప్పుడూ దాచలేదు.

సాయంత్రం ఇద్దరూ మంట దగ్గర కూర్చుని గొర్రెమాంసం ఉడికించుకున్నారు. కొంగకాళ్ళాయన ఎముకలు కూడా వదలకుండా చప్పరించి, గిన్నె తనే ఇసకతో తోమాడు.

"పదేళ్ళప్పుడు బొమ్మల పుస్తకంలో చూశాను ఈ ఇళ్ళని," అన్నాడట. "అప్పట్నుంచీ రావాలని. ఇదిగో, ఇన్నాళ్ళకి. మా అమ్మాయి వద్దని పోరింది."

"వినాల్సింది," అన్నాడు మామ, వేళాకోళానికి.

"రాత్రి నాకేదైనా అవసరమైతే నిన్నెలా లేపను?"

"పేరు పెట్టి పిలవకు."

"మరి?"

"పిలిస్తే నాలుగుసార్లు పిలువు. చీకట్లో ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే నాలుగోసారి దాకా పలకొద్దని మా అమ్మ చెప్పేది. చచ్చినవాళ్ళు మూడుసార్లే పిలవగలరు. నాలుగోది బతికున్నవాళ్ళది."

కొంగకాళ్ళాయన నవ్వాడు. "నాలుగుసార్లు పిలుస్తాలే. గుర్తుంటుంది," అన్నాడు.

ఆయన గుడారంలోకి వెళ్ళాడు. మామ ఎప్పట్లాగే ట్రక్కులో పడుకున్నాడు, అద్దాలు సగం ఎత్తి. గుడారంలో లాంతరు వెలుగుతోంది. చదువుకుంటున్నాడు కాబోలు అనుకుని మామ కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపు పడుకున్నాడో తెలీదు. మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో తెలీలేదు. గాలి లేదు. చెట్ల మీద ఆకు కదలడం లేదు. గుడారంలో లాంతరు అలాగే వెలుగుతోంది...

అప్పుడు — తన పేరు వినబడింది.

గుడారంలోంచి కాదు. పైనుంచి. ఆ రాతి ఇళ్ళ వైపు నుంచి.

మామకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ లోయలో ఏ చప్పుడైనా గోడకీ గోడకీ కొట్టుకుని చీలిపోతుంది. గొంతు ఆడదో మగదో తెలీదు. ముసలిదో పడుచుదో తెలీదు. పేరు మాత్రం తనదే. గుడారం వైపు చూశాడు. లాంతరుంది. అంటే మనిషి లోపలే ఉన్నాడు. మరి పిలిచిందెవరు?

పలకలేదు. ఊపిరి బిగబట్టాడు.

రెండోసారి... ఈసారి సాగదీసి, మూలుగులాగా.

గుడారం ఇరవై అడుగుల దూరం. వెళ్ళి తెర ఎత్తి చూస్తే సరిపోయేది. కానీ ఆ ఇరవై అడుగులూ కొండ నీడ చీకట్లో నడవాలి. మామ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. చెయ్యి తియ్యలేదు, తలుపూ తియ్యలేదు.

మూడోసారి పిలిచింది.

ఆ తర్వాత —

ఏమీ లేదు.

ఇక్కడికొచ్చేసరికి మామ కథ ఆపేసేవాడు. పిల్లలు దుప్పట్లలో దూరేవాళ్ళు. "నాలుగోది, తాతా?" అని ఎవరో ఒకరు గొణిగేవాళ్ళు. "నాలుగోది రాలేదు," అనేవాడు మెల్లగా. "చాలాసేపు చూశాను. రాలేదు. అప్పుడు అద్దాలన్నీ ఎత్తేసి ఇంజను స్టార్ట్ చేశాను. ఆ చప్పుడులో, ఆ వేడిలో తెల్లారేదాకా కూర్చున్నాను. లైట్లు వెయ్యలేదు. వేస్తే ఏం కనబడుతుందో అని."

తెల్లారింది. లాంతరు ఆరిపోయి ఉంది. మామ కాఫీ కాచి గుడారం దగ్గరికెళ్ళాడు. లోపల పుస్తకం ఉంది, కళ్ళజోడు ఉంది. మనిషి లేడు. ఇసకలో అడుగులు కొండ వైపు పోయాయి.

పాతవాళ్ళు ఎక్కడానికి రాతిలో తొలిచిన గుంటలుంటాయి, ఒక్కో గుంటలో ఒక్కో పాదం పట్టేంత. వెన్నెల్లో ఇళ్ళు చూడాలనుకున్నాడో ఏమో పిచ్చిమారాజు, ఆ గుంటలు పట్టుకుని ఎక్కాడు. జారాడు. కింద బండల మధ్య ఒక బూటు, ఒక పొడుగాటి కాలు కనబడ్డాయి. మామ దగ్గరికి పోలేదు. బండెక్కి మనుషుల కోసం పరిగెత్తించాడు.

కథ అక్కడితో అయిపోతుంది, మా వాళ్ళు చెప్పుకునేంతవరకూ. పాతవాళ్ళే ఆయన్ని పైకి లాక్కున్నారని, తర్వాత మామని కూడా పిలిచారని, పలక్కపోబట్టి బతికిపోయాడని. ఈ కథకి ఇంకో ముక్క ఉంది. అది నాకొక్కదానికే తెలుసు.

కొంగకాళ్ళాయన శవాన్ని ఆస్పత్రికి తెచ్చారు. మామని నేనే నా కారులో తీసుకెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మామ కారు దిగలేదు. శవమున్న కప్పు కిందకి రానన్నాడు. నాకు మాత్రం భయం లేదా? ఉంది. కానీ చదువుకున్నదాన్ని కదా, నన్ను తోశాడు.

"అమ్మడూ, నువ్వెళ్ళి ఒక్కటే అడుగు. ఎప్పుడు పోయాడో అడుగు."

"పోలీసులు చెబుతారుగా మామా."

"నువ్వడుగు." చేతులు ఒళ్ళో పెట్టుకుని నొక్కుకుంటున్నాడు. "పిలిచింది... ఒకవేళ వాడే అయితే..." అని ఆపేశాడు.

లోపల డాక్టరమ్మ నా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. రాత్రంతా నిద్ర లేనట్టుంది. ఎవరి తాలూకు అని కూడా అడక్కుండా చెప్పేసింది. కాలి ఎముక విరిగి బయటికొచ్చిందట. తన బెల్టు తీసి తొడకి తనే బిగించుకున్నాడట. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉందట. రక్తం పోయి, చలికి పోయాడట.

"రాత్రి ఎవరన్నా ఒక్కరు చేరుకుని ఉంటే..." అంది. నా మొహం చూసి, కాగితాల మీదికి వంగింది.

ఆస్పత్రి తలుపు నుంచి కారు దాకా నలభై అడుగులుంటాయి. ఆ నలభై అడుగుల్లో అబద్ధం తయారుచేశాను.

"పడీ పడగానే మెడ విరిగిపోయిందట మామా. కిందికొచ్చేసరికే ప్రాణం లేదట."

మామ నన్నే చూశాడు. "నిజంగా?"

"డాక్టరమ్మే చెప్పింది."

"అయితే... పిలిచింది వాడు కాదు."

"చచ్చినవాడు ఎలా పిలుస్తాడు? కాదు."

"పలక్కపోవడమే మంచిదయింది."

"మంచిదయింది మామా," అన్నాను. నా నాలుక నాకే చేదుగా తగిలింది. మామ తల వంచుకుని, పసిపిల్లాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కారు నడుపుతూ ఏడ్చాను.

ఆ మలుపులో దెయ్యం అలా పుట్టింది. దాన్ని కన్నతల్లిని నేనే.

రెండు రోజులకి కొంగకాళ్ళాయన కూతురు వచ్చింది, శవాన్ని తీసుకెళ్ళడానికి. డాక్టరమ్మతో మాట్లాడిందో లేదో తెలీదు. మామ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని "నొప్పి తెలీకుండా పోయాడు తల్లీ" అన్నాడు. ఆ పిల్ల మామ భుజం మీద తల పెట్టుకుని థాంక్సు చెప్పింది. నేను పక్కనే నిలబడి నేల చూస్తున్నాను. నోరు తెరిస్తే ఒట్టు.

మామకి పాటలాయన చేత, అంటే మంత్రగీతాలు పాడి మనిషిని బాగుచేసే మా వైద్యుడి చేత, నాలుగు రాత్రులు శాంతి చేయించారు. కోలుకున్నాడు. తిన్నాడు, నవ్వాడు, మళ్ళీ మనుషుల్ని లోయలోకి తీసుకెళ్ళాడు. ఆ పాయలోకి మాత్రం పోలేదు. ప్రతి చలికాలం కథ చెప్పాడు. మూడో పిలుపు దగ్గరికొచ్చేసరికి నేను లేచి గిన్నెలు కడుక్కునేదాన్ని.

కానీ నన్ను ముప్పై ఏళ్ళు తొలిచిన మాట ఒకటుంది. ఆ మనిషికి ఆచారం తెలుసు కదా. మామే చెప్పాడు కదా, నాలుగుసార్లు పిలవమని. గుర్తుంటుందని తనే అన్నాడు కదా. కాలు విరిగి, బెల్టు బిగించుకుని, తెల్లవారుజాము దాకా బతికున్నవాడు... ఇంకొక్క పిలుపు పిలిస్తే మనిషి వస్తాడని తెలిసినవాడు... మూడు దగ్గర ఎందుకు ఆగిపోయాడు? గొంతు చాల్లేదా? ఇంజను చప్పుడులో కలిసిపోయిందా? ఎవర్నడగను? అడిగితే నా అబద్ధం బయటపడుతుంది. లోపలే కుమిలిపోయాను.

పోయిన చలికాలం మామ మా ఇంట్లోనే మంచం పట్టాడు. ఆఖరి వారం అని అందరికీ తెలుసు, ఆయనకి కూడా. క్లిఫర్డ్ పిల్లలు చుట్టూ చేరి "తాతా, మూడు పిలుపుల కథ" అని పీక్కుతిన్నారు. "నోరు నొప్పిరా" అన్నాడు. ఎన్నడూ అలా అనలేదు. వాళ్ళు వెళ్ళాక, తలుపు వెయ్యమన్నాడు.

"అమ్మడూ. ఆస్పత్రి దగ్గర నువ్వు నాతో అబద్ధమాడావు."

"ఏం అబద్ధం మామా?"

"పడగానే పోలేదు వాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు కారు దగ్గరికి నడిచొస్తుంటేనే తెలుసు. అయినా నమ్మాను. నమ్మకపోతే ఆ రోజే పోయేవాణ్ణి."

పొయ్యిలో కట్టె సర్దే నెపంతో లేచాను. ఆయన మొహం చూడలేకపోయాను.

"మామా, అది నీ తప్పు కాదు. మూడుసార్లేగా పిలిచాడు. నువ్వు మీ అమ్మ చెప్పినట్టే చేశావు. నాలుగోది వినబడుంటే వెళ్ళేవాడివి."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"నాలుగోసారి కూడా పిలిచాడమ్మడూ," అన్నాడు. "స్పష్టంగా. అది విన్నాకే ఇంజను స్టార్ట్ చేశాను."