తువాల కింద చెయ్యి

ఆర్మూర్ బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. భూమవ్వ ముందు తాను దిగి, తర్వాత రెండు చేతులూ చాచి అక్కను పట్టుకుంది. మెట్టు మీద అక్క కాలు ఆగిపోయింది. ఎత్తిన కాలు కింద పెట్టాలన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

"దిగు అక్కా. నేనున్న గదా."

"నువ్వెవరివి బిడ్డా?"

"నీ అత్తను," అంది భూమవ్వ.

వెనక నిలబడ్డ ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాలుగేళ్లుగా రోజుకు పదిసార్లు వింటున్న ప్రశ్న అది. మొదటి ఏడు ఏడుస్తూ జవాబు చెప్పింది. రెండో ఏడు కసురుకుంటూ చెప్పింది. ఇప్పుడు నోటికి ఏదొస్తే అది చెబుతోంది.

అక్క పేరు కమలవ్వ. డెబ్బై దాటింది. భూమవ్వకు అరవై నాలుగు. అక్కాచెల్లెళ్లిద్దరూ జక్రాన్‌పల్లిలో ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నారు. పిల్లలు నిలవలేదు. మొగుళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. మిగిలింది ఒక ఇల్లు, రెండు మంచాలు, కౌలుకిచ్చిన చారెడు పసుపు చేను.

ఒకప్పుడు పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర నిలబడి, ఆవిరి వాసనను బట్టే "ఇగ దించుండ్రి" అని చెప్పగల మనిషి కమలవ్వ. ఇప్పుడు అన్నం ముద్ద చేతిలో పెడితే దాన్నేం చేయాలో తెలియక చూస్తూ కూర్చుంటుంది. పోయిన వారం తెల్లవారకముందే లేచి పెద్ద రోడ్డెక్కింది. లారీ డ్రైవరెవరో బ్రేకు వేసి, చెయ్యి పట్టుకుని ఊళ్లోకి తీసుకొచ్చాడు. ఆనాటి నుంచి భూమవ్వ తన కొంగును అక్క కొంగుకు ముడేసుకుని పడుకుంటోంది. పడుకోవడమే, నిద్ర లేదు.

మతి తప్పిన ముసలివాళ్లను ఉంచుకునే ఆశ్రమం ఆర్మూర్‌లో ఒకటి పెట్టారని ఎదురింటి మంగవ్వ చెప్పింది. "జర చూసి రారాదే భూమీ. చూస్తే ఏం పోతది? రేపు నువ్వు పడితే ఆమెను ఎవరు చూస్తరు?" అంది.

ఆ చివరి మాట భూమవ్వ గుండెలో ముల్లులా దిగింది. వాళ్లమ్మ కూడా ఇలాగే ఒక్కొక్కటీ మరిచిపోతూ పోయింది. తర్వాత అక్క. ఇంటి వరసలో మూడోది తను. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే చాలు, ఆ రోజంతా ప్రతి పనీ రెండుసార్లు సరిచూసుకుంటుంది. చావంటే ఆమెకు బెదురు లేదు. తనకూ మతి పోతే అక్క నోట్లో ముద్ద పెట్టేదెవరు? అదొక్కటే.

ఫాల్గుణం ఎండ. పసుపు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. బస్తాల నుంచి లేచిన దుమ్ము గాలిలో తేలుతూ మనుషుల రెప్పల మీద వాలుతోంది. అక్కను నీడపట్టున నడిపించుకుంటూ, అడిగినవాళ్లను అడుగుతూ, గుట్ట దిక్కు పోయే దారిలో ఆశ్రమం చేరింది భూమవ్వ.

అది పాత పసుపు గోదాం. మందపు గోడలు, కిటికీలు లేవు, కప్పు దగ్గర గాలి కోసం చిన్న చిన్న రంధ్రాలు. సున్నం కొట్టినా గోడల అడుగు నుంచి పసుపు రంగు మళ్లీ పైకి ఊరింది.

చూసుకునే ఆయన పేరు కాశీరాం. యాభై ఏళ్లుంటాయి. నడుముకు తాళం చెవుల గుత్తి.

"రా అక్కా, రా. పెద్దవ్వా, కూసో. చాయ తాగుతవా? మా చాయ తాగితే ఇంటి చాయ యాదికి రాదు."

"ఆమెకు ఇల్లే యాదికి లేదు, చాయ ఏం యాదుంటది," అంది భూమవ్వ.

అక్కను గుమ్మం దగ్గరి ఖాళీ మంచం మీద కూర్చోబెట్టి, భూమవ్వ ఆశ్రమమంతా తిరిగి చూసింది. పైపైన చూసే మనిషి కాదామె. నీళ్ల కాగులో చెయ్యి పెట్టి అడుగున పాకుడుందేమో తడిమింది. స్నానాల గదిలో బండ జారుతుందేమో కాలితో రుద్దింది. మంచం నులక వాసన చూసింది. ముసలివాళ్ల చేతిగోళ్లు, కాలి మడమలు, మెడ వెనక మట్టి, అన్నీ చూసింది. మణికట్ల దగ్గర తాళ్ల గుర్తులున్నాయా అని మరీ మరీ చూసింది.

ఎక్కడా వంక లేదు. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. తలలు దువ్వి ఉన్నాయి. తొమ్మిది మంది తొమ్మిది మంచాల మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నారు. ఒక్కరూ అరవడం లేదు. ఒక్కరూ ఏడవడం లేదు. మంచాల మీద వాళ్ల బరువుకు నులక కూడా కిర్రుమనడం లేదు.

"గింత సప్పుడు లేకుంట ఎట్లుంటరు తమ్మీ? మా అక్క గడియకోపాలి లొల్లి పెడతది."

"వీళ్లకు లొల్లి లేదక్కా. అడిగేటోళ్లు లేరు."

"చుట్టాలు రారా?"

"ఒక్కరు గూడ రారు. మూడేండ్లల్ల ఒక్క కొడుకు రాలే, ఒక్క బిడ్డ రాలే. కార్డు ముక్క రాసినా జవాబు రాదు. పోయి అడిగితే మాకు గసొంటి మనిషే లేదంటరు."

పాడు లోకం, అనుకుంది భూమవ్వ. అనుకుంటూనే, ఈ రాత్రి కొంగు ముడి లేకుండా పడుకోవచ్చేమో అన్న ఆశ ఆమె ఒళ్లంతా మత్తులా పాకింది. సిగ్గేసింది. అయినా ఆశ పోలేదు.

అప్పుడే కరెంటు పోయింది.

కిటికీలు లేని గోదాం ఒక్కసారిగా నల్లబడింది. బయట పట్టపగలు, లోపల చీకటి. కప్పు కింది రంధ్రాల నుంచి నాలుగైదు సన్నటి వెలుతురు కడ్డీలు ఏటవాలుగా దిగాయి. పంకా ఆగిపోగానే వాసన తెలిసింది. పచ్చి పసుపు వాసన... దాని అడుగున ఇంకేదో, చాలా రోజులు మూసిపెట్టిన పెట్టె తెరిచినట్టు.

"జర ఆగక్కా, కందిలి తెస్త," అని కాశీరాం బయటికి వెళ్లాడు. తాళం చెవుల చప్పుడు దూరమైంది.

భూమవ్వ అక్క మంచం వైపు తడుముకుంటూ నడిచింది. స్తంభం దగ్గర ఒక ముసలాయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మంచాల లెక్కలో ఆయన లేడు. ముందు ఎర్రటి తువాల పరిచినట్టు ఉంది. తువాల మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంది, కింద చెయ్యి ఉన్నట్టు.

"మాలు తెచ్చినవా?" అన్నాడు మెల్లగా.

భూమవ్వకు నవ్వొచ్చింది. బాపు కాలంలో పసుపు బేరమంతా ఇలాగే జరిగేది. పదిమందిలో ధర పైకి చెప్పరు. కుప్ప ముందు కూర్చుని, తువాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. మొగపిల్లలు లేని బాపు బిడ్డలిద్దరినీ వెంటేసుకుని బజారుకొచ్చేవాడు. వేళ్ల భాష ఇద్దరికీ వచ్చు. బొటనవేలు పట్టి లాగితే బేరం తెగినట్టు. ఆ తర్వాత ఎంత నష్టమైనా మాట తప్పకూడదు.

పాపం, ఎప్పటి కొనుగోలుదారో, అనుకుంది. మతి పోయినా చేతికి పని గుర్తుంది. అక్క కూడా అంతే, ఉత్త చేతులతో మక్క కంకులు ఒలుస్తూ కూర్చుంటుంది. వద్దంటే ఏడుస్తుంది, సరేనంటే ఊరుకుంటుంది. నాలుగేళ్ల అలవాటు. భూమవ్వ నడుము పట్టుకుని కింద కూర్చుంది. తువాల కింద చెయ్యి పెట్టింది.

చల్లటి చెయ్యి అందుకుంది. ఎండిన పసుపు కొమ్ములా గరుకుగా ఉంది.

ఒక వేలితో నొక్కింది. భూమవ్వ ఆటకు రెండు వేళ్లతో నొక్కింది. అది మూడింటితో నొక్కింది. ఐదు. తర్వాత... ఆరు. ఏడు. ఎనిమిది వేళ్లు... ఒక్క చేతికే...

భూమవ్వ చెయ్యి లాక్కోబోయింది. రాలేదు.

వెలుతురు కడ్డీ ఒకటి ముసలాయన ఒడి మీద పడింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. రెండూ. ఖాళీగా. వేళ్లు ముడుచుకుని.

తువాల కింద ఇంకా తన చెయ్యిని ఎవరో పట్టుకునే ఉన్నారు.

"తాతా..." మళ్లీ గుంజింది. "తాతా, ఇది ఎవలది..."

"నాకెరుక లేదు బిడ్డా," అన్నాడాయన. "నేను పక్కన కూసుంట అంతే."

చుట్టూ నులక కిర్రుమంది. ఒక మంచం... ఇంకో మంచం... తొమ్మిది మందీ ముందుకు వంగి చూస్తున్నారు. ఊపిరి బిగబట్టి, బజారులో పెద్ద కుప్పకు బేరం తెగేటప్పుడు జనం చూసినట్టు.

భూమవ్వ బొటనవేలిని చల్లటి వేళ్లు చుట్టుకున్నాయి. మెల్లగా... చాలా మెల్లగా... లాగాయి.

వదిలేశాయి.

కందిలి వెలుగు వచ్చింది. కాశీరాం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తువాల నేల మీద సాఫుగా పరుచుకుని ఉంది. కింద ఏమీ లేదు. కాశీరాం భూమవ్వ చేతిని చూశాడు. మణికట్టు దాకా పచ్చగా ఉంది.

"చెయ్యి ఇచ్చినవా అక్కా?" అన్నాడు. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు. "చెప్దామనే అనుకున్న. ప్రతిసారి గిట్లనే మరిచిపోత."

"ఏం కొన్నరు?" అంది భూమవ్వ. "ఇక్కడ మాలు ఎక్కడిది? ఏం కొన్నరు చెప్పు!"

ముసలాయన తువాల మడత పెట్టుకుంటున్నాడు.

భూమవ్వకు అక్క గుర్తొచ్చింది. బేరమప్పుడు కుప్ప ఉండాల్సిన చోట, ఎదురుగా మంచం మీద కూర్చున్నది అక్కే. పరుగున పోయి అక్కను రెక్క పట్టి లేపింది. "నడువక్కా. చచ్చినా నిన్నిక్కడ ఇడువ. లే!"

ఎవరూ అడ్డం రాలేదు. కాశీరాం పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు.

"తీస్కపో అక్కా. పెద్దవ్వను ఎవ్వరు అడగలే."

బయట పొద్దు వాలుతోంది. గేటు దాటి పది అడుగులు వేశాక అక్క చెప్పులు లోపలే ఉన్నాయని చూసుకుంది. ఆమెను గోడకానించి నిలబెట్టి, గేటు దగ్గరికి తిరిగొచ్చింది. కాశీరాం గొళ్లెం పెడుతున్నాడు.

"తమ్మీ, అక్క చెప్పులు..."

ఆయన మర్యాదగా తలెత్తాడు. "ఎవరు గావాలె అవ్వా? ఎవరినన్న చూడ వచ్చినవా?"

ఇక్కడ ఉండీ ఉండీ వీడికీ మతి పోయినట్టుంది, అనుకుంది భూమవ్వ. చెప్పులు అడగకుండానే వెనక్కి తిరిగింది.

బస్సులో కండక్టరు అక్కకు ఒక్కదానికే టికెట్టు చింపాడు. "ఇద్దరం కొడుకా," అని రెండుసార్లు అనేదాకా ఇటు చూడలేదు. రద్దీ, పాపం. భూమవ్వ కళ్లు మూసుకుని తనను తాను పరీక్షించుకుంది. బాపు పేరు చెప్పుకుంది. అమ్మ పేరు. మొగుడు పోయిన ఏడు, తిథి. పెళ్లినాటి చీర రంగు. మంగవ్వ మనవల పేర్లు పెద్దోడి నుంచి చిన్నోడి దాకా. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. మునుపెన్నడూ లేనంత స్పష్టంగా ఉన్నాయి.

"ఏం పోలేదక్కా," అని అక్క చెయ్యి నొక్కింది. నవ్వొచ్చింది, కళ్లనీళ్లొచ్చాయి. ఇక ఎక్కడికీ పంపదు. ఓపికున్నన్ని రోజులు తానే చూసుకుంటుంది.

జక్రాన్‌పల్లిలో దిగి ఇంటి ముందుకు వచ్చేసరికి మసక పడింది. ఎదురింటి నుంచి మంగవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఓ కమలవ్వా! ఏడికి పోయినవే తల్లీ! పొద్దటి సంది ఊరంత దేవులాడుతున్నం. నీ కాళ్లకు సంకెళ్లు ఎయ్యాలె!"

"నాతోటే ఉన్నది మంగా. ఆర్మూర్ పోయినం. నువ్వే గదా పొమ్మన్నవ్."

మంగవ్వ భూమవ్వను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"ఏ ఊరిదానివో గాని అవ్వా, నీ కడుపు సల్లగుండ. తోవల దొరికితే తోల్కొచ్చినవ్. ఈమెకు ఎవ్వరు లేరు. నాలుగేండ్ల సంది నేనే ఇంత బువ్వ పెట్టి చూసుకుంటున్న."

"మంగా, ఎకసెక్కాలు చెయ్యకు. మస్తు అలిసిపోయిన."

మంగవ్వ ముఖంలో ఎకసెక్కం లేదు. జాలి ఉంది, దారిన పోయే ముసలిదాని మీద ఉండేటంత.

ఇంటి తాళం చెవి భూమవ్వ నడుముకే ఉంది. తడిమి చూసుకుంది, ఉంది. ఆ తాళానికి రెండో చెవి ఎన్నడూ లేదు. మంగవ్వ తన కొంగుముడి విప్పి, వాడి వాడి అరిగిన చెవి తీసి, తలుపు తెరిచింది. లోపల ఒక్క మంచమే వాల్చి ఉంది. ఏం కొన్నారో భూమవ్వకు అప్పుడు తెలిసింది, పదిమంది మతిలో ఉన్న తననే.

కమలవ్వను నడిపించుకుని మంగవ్వ గడప దాటింది. అప్పుడు అక్క ఆగింది. వెనక్కి తిరిగింది. నాలుగేళ్లుగా మబ్బు పట్టిన ఆ కళ్లు తేటగా ఉన్నాయి.

"భూమీ, బయటనే నిలబడ్డవేందే? చలి పెడుతుంది. లోపలికి రా."

భూమవ్వ గడప మీద కాలు పెట్టబోయింది. మంగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. తలుపు రెక్క దగ్గరికి లాక్కుంటూ, ఎవరికో సంజాయిషీ చెప్పుకున్నట్టు అంది.

"రోజు గీ యాళకు గిదే పిలుపు. గడపల నిలబడి, వాకిట్లకు చూసుకుంట, ఎవరో చెల్లెనంట... అక్కడ ఎవ్వరుండరు."

అంటూ మంగవ్వ వాకిట్లోకి చూసింది. భూమవ్వ నిలబడ్డ చోటునే చూసింది, ఖాళీ వాకిలిని చూసినట్టు. చూసి, తలుపు వేసుకుంది.