ఒక్క స్పీకరు చాలంది దుర్గ

వడ్రంగి గణపతి వసారాలో కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. వంటింట్లో కూతురు సత్యదుర్గ అట్లు పోస్తోంది. కొత్తపేటలోని ఆ ఇంట్లో ఏడు నెలలుగా ఉదయాలన్నీ ఇలాగే మొదలవుతున్నాయి. శ్రావణంలో గణపతి భార్య వీరవేణి జ్వరంతో నాలుగు రోజులు మంచాన పడి చనిపోయింది. అప్పటినుంచి వంట దుర్గది, సంపాదన గణపతిది. మాటలు మాత్రం సూరమ్మవి. సూరమ్మ గణపతి తల్లి. తండ్రీ కూతుళ్ళు పలకరించుకోకుండా తిరుగుతుంటే ఆమెకు ఊపిరాడదు.

"ఒరే గణపతీ, పిల్ల నిన్ను ఏదో అడగాలని రెండు రోజుల్నుంచి అట్లు మాడ్చేస్తోంది. అదేదో అడిగించుకోరా బాబూ, నా పళ్ళు ఊడిపోయేలా ఉన్నాయి."

"నీకు పళ్ళెక్కడున్నాయే మామ్మా?" అంది లోపలినుంచి దుర్గ.

"ఉన్న రెండూ."

గణపతి ఉలి పక్కన పెట్టాడు. "ఏంటమ్మా?"

దుర్గ అట్లకాడతోనే గుమ్మంలోకి వచ్చింది. "శివరాత్రికి పలివెలలో ప్రోగ్రాం ఉందండి. రాజబాబుగారు కబురు చేసేరు. ఆర్కెస్ట్రా బాక్సు పెళ్ళి పందిట్లో వానకి తడిసి పాడైపోయిందంట. గిటారుకి స్పీకరు బాక్సు నన్నే తెచ్చుకోమన్నారు. ఆంప్లిఫైయరు వాళ్ళదేనండి."

వీరవేణి పోయాక దుర్గ ప్రోగ్రాం మాట ఎత్తడం ఇదే మొదటిసారి. గణపతికి లోలోపల ఊరట కలిగింది. పైకి మాత్రం, "చేసిపెడతాను. కొలతలు?" అన్నాడు.

"మత్తయిగారిని అడిగితే చెబుతారండి. ఒక్క స్పీకరుది చాలండి. సింగిల్."

"పాతది డబుల్ గదా?"

"ఆయ్. ఇప్పుడు సింగిల్ చాలండి." ఆ మాట అనేటప్పుడు దుర్గ తండ్రి ముఖం చూడలేదు.

"చోద్యం కాపోతే, రెండు కళ్ళున్నది ఒక కన్ను చాలంటదేంటి!" అంది సూరమ్మ. దుర్గ నవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది.

దుర్గకు గిటారు అబ్బింది అమలాపురంలో, మత్తయి మైకుసెట్టు షాపులో. మత్తయి భార్య మేరీకి వీరవేణి జాకెట్లు కుట్టేది. తల్లి వెంట వెళ్ళిన పదమూడేళ్ళ పిల్ల, మత్తయి చర్చి పాటలకు గిటారు వాయించుకుంటుంటే కదలకుండా కూర్చునేది. ఆరేళ్ళు తిరిగేసరికి రాజబాబు ఆర్కెస్ట్రాలో గిటారు ఆమెదయింది. ప్రోగ్రాములకు తోడు వీరవేణి వెళ్ళేది. గణపతి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మొదట్లో తలుపులు చేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "అమ్మాయి స్టేజీ ఎక్కుతోందంట గదా!" అని నవ్వాడు. ఆ నవ్వు కొన్నాళ్ళు గుచ్చుకుంది. తరవాత నవ్వును మరిచిపోయాడు గాని, వెళ్ళకపోవడం అలవాటయిపోయింది. ఇంట్లో ఆమె సాధన చేస్తుంటే మాత్రం చిత్రిక పట్టడం ఆపేసేవాడు. తీగ మీద ఏ వేలు ఎంత నొక్కాలో అంత కచ్చితంగా తెలిసిన పిల్ల తన కడుపున పుట్టిందంటే అతనికి ఆశ్చర్యంగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

మర్నాడు గణపతి అమలాపురం వెళ్ళాడు. మత్తయి కొలతలు కాగితం మీద రాస్తూ, "సింగిల్ అందాండీ?" అని పెన్ను ఆపాడు.

"ఆయ్. ఏం, బాగోదా?"

"చెబితే మీకెలా తెలుస్తుందండీ, వినాలి గాని." మత్తయి షాపులో ఉన్న ఒంటి స్పీకరు బాక్సుకు తీగ తగిలించి గిటారు మీద నాలుగు స్వరాలు వాయించాడు. శబ్దం తిన్నగా వచ్చి గణపతి ముఖానికి తగిలింది. "ఇప్పుడు పక్కకి రండి." పక్కకు జరిగితే పదును తగ్గిపోయింది. తరవాత రెండు స్పీకర్లది తగిలించి, అవే నాలుగు స్వరాలు అదే జోరులో వాయించాడు. ఈసారి గణపతి గుమ్మం దాకా వెళ్ళినా శబ్దం అతని వెంటే వచ్చింది. అడుగున ఒక నిండుదనం ఉంది.

"ఒంటిరెక్క తలుపుకీ రెండు రెక్కల తలుపుకీ ఉన్నంత తేడా ఉందండీ," అన్నాడు గణపతి.

"బాగా చెప్పేరు. చిన్న హాలు అయితే సింగిలే ముద్దుగా ఉంటుంది, గోల లేకుండా. పలివెల తీర్థం అలాక్కాదు. ఆరుబయలు, జనం. గిటారు వెనక వరస దాకా వినపడకపోతే మండపేట నుంచి ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకుంటానంటున్నాడు రాజబాబు."

"ఆ సంగతి మా అమ్మాయికి తెలుసా?"

"నాకు చెప్పింది తనేనండి. డబుల్ గొప్పదనం కూడా తనే చెప్పింది. కళ్ళు మూసుకుని వింటే, ఏ బాక్సులో ఎన్ని స్పీకర్లున్నాయో చెప్పేస్తుంది. ఇరవయ్యేళ్ళ బట్టి ఈ పనిలో ఉన్నాను, అలాంటి చెవి నేను చూడలేదు."

"మరి నాకు సింగిల్ ఎందుకు చెప్పినట్టు?"

మత్తయి పెన్నుకు మూత పెట్టాడు. "మీకు శ్రమ ఎందుకని అయి ఉంటుందండి."

గణపతికి ఆ మాట నిజమనిపించింది. తల్లి లేని పిల్ల, తండ్రిని ఎక్కువ అడగకూడదనుకుంది. డబులే చెయ్యాలనుకుని, మత్తయి దగ్గరే సామాను కొని బస్సెక్కాడు. ఒళ్ళో రెండు స్పీకర్లున్నాయి.

ప్లైవుడ్డుతో చెయ్యమన్నాడు మత్తయి, అందరూ దానితోనే చేస్తారట. గణపతికి మనసొప్పలేదు. కూతురి పాట పలికే పెట్టెకు అతికించిన చెక్కా? అటక మీద పదేళ్ళుగా ఆరుతున్న టేకు పలకలున్నాయి, తన ఇంటి గుమ్మానికని దాచుకున్నవి. అవి దించాడు. మూడు రోజులు మిగతా పనులు ఆపేసి అదే చేశాడు. దుర్గ కాలేజీ నుంచి వచ్చే వేళకు గోనెపట్టా కప్పేసేవాడు. మూలలు ఎక్కడా మేకు కనపడకుండా ఒకదానిలో ఒకటి కూర్చునేలా కోశాడు. అంత మంచి పని అతను ఏ షావుకారి ఇంటికీ చెయ్యలేదు.

*

శివరాత్రికి ముందు రోజు ఉదయం గణపతి గోనెపట్టా తీశాడు.

దుర్గ దగ్గరికి వచ్చింది. వంగి, నున్నటి చెక్క మీద అరచేయి రాసింది. రెండు స్పీకర్ల గుండ్రాలనూ చూసింది. ఆ తరవాత రెండు చేతులూ కింద పెట్టి ఎత్తబోయింది. పెట్టె ఒక పక్క జానెడు లేచి మళ్ళీ దిగబడింది.

"నేను ఒకటే అడిగేను గదండీ," అంది.

"మత్తయిగారు అంతా చెప్పేరమ్మా. నాకు శ్రమని..."

"మీకు శ్రమని కాదండి."

"మరి?"

"దీన్ని ఎవరు మోస్తారండీ?"

గణపతి తెల్లబోయాడు. "ఆర్కెస్ట్రాలో కుర్రాళ్ళు లేరా?"

"ఉన్నారండి. అడిగితే మోస్తారు. మోసి ఒక మాటంటారు. మొదటి ప్రోగ్రాంకే అన్నారు, బాక్సు ఎత్తలేనిదానివి స్టేజీ ఎందుకెక్కేవని. అమ్మ విన్నాది." దుర్గ తన అరచేతులు చూసుకుంది. "ఆ రోజునుంచి వాళ్ళని ముట్టుకోనివ్వలేదండి. ఆటో దగ్గర్నుంచి స్టేజీ దాకా ఒక పక్క నేను, ఒక పక్క అమ్మ. మెట్లెక్కేటప్పుడు కింది పక్క తనే పట్టుకునేది, బరువంతా కింది పక్కకే వస్తుందని."

"మీ అమ్మ జనంలో కూర్చుని వినేది అనుకున్నాను."

"మీరు ఎప్పుడైనా వస్తే గదండీ తెలిసేది!"

ఆ మాట అన్నాక దుర్గే భయపడినట్టు చేత్తో నోరు మూసుకుంది. పుస్తకాలు తీసుకుని, టిఫిను తినకుండానే వెళ్ళిపోయింది.

గణపతి తల్లి వైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

"బొబ్బలెక్కిన వీరవేణి చేతులకి కొబ్బరినూనె రాసింది నేనేరా. నీకు చెప్పొద్దంది. చెబితే పిల్లని మాన్పించేస్తావేమోనని దాని బెంగ."

"నేను మాన్పించేవాణ్ణా?"

"ఏమోరా. ఒక్కరోజు బాగా వాయించేవమ్మా అన్నావా? మేం నీ మనసెలా పోల్చుకుంటాం?"

గణపతి పెట్టె పక్కన కూర్చుండిపోయాడు. వీరవేణి అతనితో ఏనాడూ ఏ గొడవా పెట్టుకోలేదు. ఎవరి చేతా కూతురిని ఒక మాట అనిపించకుండా, భర్తను తను ఒక మాట అనకుండా, బరువు కింది పక్క పట్టుకుని మెట్లెక్కింది. అతను కూడా వాళ్ళతో వెళ్ళి ఉంటే ఆ కింది పక్క అతనిది కావలసింది. దుర్గ సింగిల్ అడగడంలో అర్థం కూడా ఇప్పుడు తెలిసింది. వెనక వరసకు వినపడకపోయినా, చోటే పోయినా సరే, ఒకరిని అడగకుండా తన సామాను తను ఎత్తుకుని నడవాలనుకుంది. ఆ పంతం ఎవరిదో అతనికి తెలుసు. చచ్చిపోయిన మనిషి మీద ఇంత గౌరవం ఇంత ఆలస్యంగా కలిగినందుకు అతనికి సిగ్గేసింది.

చాలాసేపటికి లేచాడు. సెంటర్లో టెలిఫోను బూత్‌కు వెళ్ళి మత్తయికి ఫోను చేశాడు.

"మత్తయిగారూ, టేకుతో చేసిన డబుల్ బాక్సుని నడిమికి కోసి రెండు సింగిల్స్ చేస్తే శబ్దం చెడుతుందాండీ?"

"చెడదండి. ఆ ఆంప్లిఫైయరుకి వెనక రెండు కన్నాలున్నాయి, చెరో బాక్సుకీ చెరో తీగ. కావాలంటే స్టేజీకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టుకోవచ్చు, అదింకా మంచిది. కానండీ, టేకుతో చేసేనన్నారు, దాన్ని కోస్తారా ఏంటి?"

"కోస్తానండి."

రంపం పెట్టేటప్పుడు సూరమ్మ పక్కకు తిరిగి కూర్చుంది. సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ గీత గీసి గణపతి కోశాడు. తెరుచుకున్న పక్కలకు ప్లైవుడ్డు తెచ్చి బిగించాడు. మెరుగు పెట్టడానికి వేళ లేదు. ఒక్కో బాక్సుకు మూడు పక్కల టేకు, ఒక పక్క పచ్చి ప్లైవుడ్డు. మధ్యాహ్నం మత్తయే తన ఆంప్లిఫైయరు ఒకటి పట్టుకుని బస్సు దిగాడు. తీగలు కలిపి, కోసిన అంచులు వేలితో తడిమి చూసి, "మీ అమ్మాయి ఎవరి కూతురో ఇప్పుడు తెలిసిందండీ," అని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

*

నాలుగింటికి దుర్గ వచ్చింది. వసారాలో రెండు బాక్సులూ పక్కపక్కన ఉన్నాయి.

"కోసేసేరా?" అంది.

"ఒక్కోటీ నువ్వొక్కదానివే ఎత్తగలవు. చూడు." గణపతి మాటలు కూడబలుక్కున్నాడు. "నేను రాలేని రోజు ఒకటి పట్టుకెళ్ళు, ఎవర్నీ అడగక్కర్లేదు. నేను వచ్చిన రోజు రెండూ వస్తాయి. నా మీద ఆధారపడి నీ పాట ఆగిపోకూడదు."

దుర్గ ఒక బాక్సు ఎత్తింది. నడుం కొద్దిగా వంగింది గాని లేచింది. దాన్ని వసారా ఆ చివర పెట్టి వచ్చి, రెండోదాన్ని ఈ చివరకు మార్చింది. గిటారు తెచ్చి, తీగలు సరిచూసుకుని, తండ్రిని మధ్యలో నిలబడమంది. ఒక్క స్వరం మీటి వదిలింది. అది రెండు పక్కలనుంచీ వచ్చి గణపతి దగ్గర కలిసింది. ఆ తరవాత ఆమె వేళ్ళు ఆగలేదు. ఎదురింటి సుబ్బరాజుగారు పేపరు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. సూరమ్మ ఏమీ అనకుండా ఉన్న రెండు నిమిషాలు ఆ ఇంట్లో అవే.

గణపతి కళ్ళు తుడుచుకోలేదు.

"బాగా వాయించేవమ్మా," అన్నాడు. "ఎప్పుడూ బాగానే వాయించేదానివి. గోడ ఇవతల కూర్చుని వింటే చాలనుకున్నాను. మీ అమ్మకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు."

"నాన్నగారూ, పొద్దున్న నేనలా అనకూడదండి..."

"అనాలి. ముందే అనాల్సింది." పై పంచెతో ముఖం ఒత్తుకున్నాడు. "రేపు ఆటో ఎన్నింటికి రమ్మన్నావు?"

"మూడింటికండి."

"రెండు బాక్సులూ, గిటారూ పోగా ఇంకో మనిషికి చోటుంటుందా?"

దుర్గ గిటారు భుజం మీంచి దించింది.

"నా పక్కన చోటు ఖాళీగానే ఉందండి."